బోర్డు అను మాట



ఆర్మూరు చుట్టుపట్ల పసుపు పండించువారు గడచిన పది పదిహేనేండ్లలో మిక్కిలి తఱచుగా పలికిన ఆంగ్లపదమేది యని యడిగినచో, ‘బోర్డు’ అని సంశయింపక చెప్పవచ్చును. ఇంతగా నోట నానిన యా మాట యెచ్చటనుండి వచ్చినది, దాని కడుపులో నెన్ని యర్థములున్నవి యని యీ పూట కొంచెము విచారింతము.

ప్రాచీనాంగ్లమున బోర్డు అనగా చెక్కపలక. ఆ పలకకు కాళ్లు తగిలించి దానిమీద భుజింపసాగిన పిమ్మట బల్లకును అదియే పేరైనది. ఇందులో మనకు వింత లేదు. వడ్రంగి కోసిన చెక్కయు బల్లయే, వ్రాసికొనుటకు ముందు పెట్టుకొను సామానును బల్లయే. ఇంతవరకు ఉభయభాషలును ఒక్క బాటనే నడచినవి. అటుపిమ్మట ఆంగ్లేయులు బల్లమీద వడ్డించిన యన్నమునుగూడ బోర్డు అనిరి. మీలో కొందరు చిన్ననాడు పట్నమునకు పోయి ‘బోర్డింగు’లో నుండి చదివియుందురు. ఆ పేరునకు మూలము బడియు గాదు, పడకయు గాదు; బల్లమీది కూడు.

పాతభాషలో ఓడ ప్రక్కకును అంచునకును ఇట్టి పదమే వేరొకటి యుండగా, రెండును కలసిపోయినవి. ఓడ యెక్కుట అందువలననే బోర్డింగు అయినది. దుబాయికి పోవు కుమారుడు విమానాశ్రయమున చేతబట్టుకొను బోర్డింగు పాసులో నున్నది ఆ యోడ ప్రక్కయే.

జూదరుల వలనను ఒక పలుకుబడి పుట్టినది. ఆడువాని చేతులు బల్లపైన కానవచ్చుచున్నచో మోసము లేదని నమ్మకము. కావున దాపరికము లేని వ్యవహారము ‘బల్లకు పైన’ జరిగినదందురు. బల్లక్రింది చేతుల సంగతి మనవారికి చెప్పనక్కరలేదు. మన తెలుగువారు ఈ పదమునకు సొంతముగా నొక సొగసు చేర్చినారు. సొమ్ము తీసికొని పరారియైన వర్తకుడు ‘బోర్డు తిప్పివేసినా’డందురు. ఈ యర్థము ఏ యాంగ్లనిఘంటువునను వెదకి ప్రయోజనము లేదు.

ఇక మనకు కావలసిన యర్థము. 16వ శతాబ్దములో బల్లచుట్టు కూర్చుండి యాలోచన చేయు సభవారికే బోర్డు అను పేరు వచ్చినది. చెక్క పోయి మనుష్యులు మిగిలిరి. సంస్కృతమున ‘పట్ట’మను మాటయు నిట్లే పెరిగినది. పలకయు, రాజశాసనము చెక్కిన రేకును, సింహాసనమును దాని యర్థములే. పట్టము కట్టుటయు, మీ పెట్టెలోని భూమి పట్టాయు దాని సంతతియే.

పసుపు వ్యవహారము 1987లో నేర్పడిన కొచ్చిలోని సుగంధద్రవ్యముల బోర్డు క్రింద, యాలకులు మిరియాలతో గలసి యుండెడిది. పసుపునకు వేరుగా బోర్డు కావలెనని నిజామాబాదు జిల్లా రైతులు పట్టుబట్టిరి. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు వద్ద 44వ జాతీయ రహదారిపై బైఠాయించి, పసుపునకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నలకు 3,500 రూపాయలు ధర యడిగిరి. ఆ యేప్రిలులో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది నిలువగా, అందు 170కి పైబడి రైతులే. పోలింగు కేంద్రమునకు పండ్రెండేసి ఓటుయంత్రములు పెట్టవలసివచ్చినది. ఆ యెన్నికలలో ‘బాండు’ అను మఱియొక ఆంగ్లపదము బోర్డునకు జోడుగా ఊరూర తిరిగినది. దాని కథ వేరొక ప్రసంగమునకు.

2023 అక్టోబరు 4వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయ పసుపు బోర్డును ప్రకటించినది. 2025 సంక్రాంతినాడు అది ప్రారంభమైనది. ఆ జూన్ 29న నిజామాబాదులో ప్రధానకార్యాలయము తెరవబడినది.

ఇచ్చటనే పదార్థవిచారము అక్కరకు వచ్చుచున్నది. రహదారిపై కూర్చున్నవారికి బోర్డన్న ధర. అనగా బల్లమీది యన్నము. ప్రకటనలో నున్న బోర్డు బల్లచుట్టు కూర్చుండు సభ: కేంద్రశాఖలవారు, రాష్ట్రములవారు, పరిశోధకులు, ఎగుమతిదారులు, రైతుల ప్రతినిధులు. ఎగుమతులు, పరిశోధన, నాణ్యత దాని పనులు. కేంద్రము కనీస మద్దతుధర ప్రకటించు పంటలలో పసుపు చేరలేదు. గుంటూరులోని పొగాకు బోర్డునకైతే 1975 నాటి పార్లమెంటు చట్టము బలము. పంట యెంత వేయవలెనో అది నిర్ణయించును, వేలమును తానే నడపును. పేరొక్కటే, అధికారము వేరు. ఈ భేదమును మొదటనే విడమరచి చెప్పియుండవలసినదని నా యభిప్రాయము. చెప్పనందున ఊళ్లలో ఒకరి మాట ఒకరికి అందక వాదము పెరిగినది.

కాడియు గోళయు బండ్లకెత్తి యార్డునకు చేర్చునాడు ధరను గూర్చి బోర్డునే నిందింపకుడు. ఆ బల్ల కడ రైతుల పక్షమున నెవరు కూర్చుండిరి, ఏమి యడిగిరి, దానికేమి బదులు వచ్చినది యని పేరుపేరున విచారింపుడు. అది యడుగు హక్కు మీకు కలదు. సెలవు.