నీటి యంత్రములకు ప్రయోగపు మడి



క్రొత్త వరివంగడమును రైతులకు ఇచ్చుటకు పూర్వము పరిశోధనా క్షేత్రమున ఒక మడిలో వేసి చూచుట మీరెరిగినదే. ఆ మడిలో పైరు చెడినను ఊరికి నష్టము లేదు. కంప్యూటరుతో నడచు యంత్రముల రక్షణకు గూడ నేడట్టి ప్రయోగపు మళ్లు ఏర్పడినవి. వానిని టెస్ట్‌బెడ్‌లందురు.

వీని యవసరమేమి? 2000 సంవత్సరమున ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున, మరూచీ అను స్థానిక మండలి పరిధిలో మురుగునీటి పంపులు రేడియో సంకేతములతో నడచుచుండెను. వానిని అమర్చిన కంపెనీలో లోగడ పనిచేసిన యొకడు, మండలివారు తనకు ఉద్యోగమీయలేదను కోపముతో, కారులో తిరుగుచు రేడియో పరికరముతో ఆ పంపులకు దొంగ ఆజ్ఞలు పంపెను. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కులలోను, నదులలోను చేరినది. జలచరములు చచ్చినవి. 2001లో న్యాయస్థానము అతనికి రెండేండ్ల జైలుశిక్ష విధించినది.

ఇట్టి దాడిని పసిగట్టుట నేర్చుకొనుటకై ప్రజలు త్రాగు నీటిపై ప్రయోగములు చేయరాదు గదా! అందుచే సింగపూరు టెక్నాలజీ, డిజైన్ విశ్వవిద్యాలయమువారు 2015లో, నిమిషమునకు సుమారు 19 లీటర్ల నీటిని ఆరు దశలలో శుద్ధిచేయు చిన్న కర్మాగారమును పరిశోధనకే నిర్మించిరి. పరిశోధకులు దానిపై తామే దాడి చేయుదురు. తొట్టి ఖాళీయగుచుండగా నీటిమట్టము పెరుగుచున్నట్లు కంప్యూటరునకు తప్పుడు అంకెలు పంపుదురు. కంప్యూటరు నమ్మి పంపును నడుపుచునే యుండును. నీరులేక నడచిన పంపు చెడును. వచ్చిన నీరెంత, పోయిన నీరెంత యని లెక్కకట్టినచో ఆ మోసము బయటపడును. ఏడు రోజులు సక్రమముగను, నాలుగు రోజులు దాడులతోను నడిపి సేకరించిన వివరములను ఇతర దేశముల పరిశోధకులకు గూడ ఇచ్చుచున్నారు. మన దేశమున కాన్పూరు ఐ.ఐ.టి.యందును విద్యుత్తు, నీటిశుద్ధి యంత్రములకు ఇట్టి పరీక్షాశాలను నెలకొల్పిరి.

సోదర సోదరీమణులారా! ఇందు మనము గ్రహింపవలసినది కలదు. పని మానినవానికడ తాళపుచెవి ఉంచరాదు. మీ నీటిపథకపు మోటారు మొబైల్ స్టార్టరుతో నడచుచున్నచో, పనివారు మారిన నాడే పాస్‌వర్డును, నమోదైన ఫోను నంబరును మార్పించుడు. పంచాయతీ చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు కీని పరుల చేతికీయకుడు. ఫోనులో కనిపించు అంకెనే నమ్మక, ఓవర్‌హెడ్ ట్యాంకును అప్పుడప్పుడు స్వయముగా చూచి రండు. చేతితో త్రిప్పు వాల్వును తుప్పు పట్టనీయకుడు.

వీనికి పెద్ద వ్యయము లేదు, శ్రద్ధ చాలును. రాబోవు పంచాయతీ సమావేశముననే ఈ విషయములను చర్చించి, బాధ్యతను ఒకరికి అప్పగింతురని ఆశించుచున్నాను.