చక్కెర తగ్గిందని సంబరపడకండి



మా అత్తవారిది పాలకుర్తి. మామగారికి పదిహేనేళ్లుగా చక్కెర జబ్బు. శివరాత్రికి సోమేశ్వరస్వామి జాతర చూద్దామని వెళ్లాం. "చూసినవా బిడ్డా, షుగరు దానంతటదే దిగింది" అని ఆయన మురిసిపోయారు. మేమూ సంతోషించాం. ఆ రోజు ఉపవాసం ఉన్నారు; మాత్ర మాత్రం మానలేదు. తెల్లవారేసరికి ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, పొంతన లేని మాటలు. చక్కెర నీళ్లు తాగించి వరంగల్లు తీసుకెళితే, మూత్రపిండాలు చాలావరకు చెడిపోయాయని తేలింది.

చక్కెర ఎందుకు దిగిందో అప్పుడు తెలిసింది. ఒంట్లోని ఇన్సులిన్‌నూ, కొన్ని మందులనూ తొలగించడంలో మూత్రపిండాలకు ముఖ్య పాత్ర ఉంది. అవి నీరసించాక నిన్నటి మోతాదే నేడు ఎక్కువవుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రల ప్రభావం ఒంట్లో నిలిచిపోయి చక్కెరను అదేపనిగా దించుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికీ మోతాదు తగ్గించవలసి రావచ్చు. మూత్రపిండాల పనితనం చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకె 30 కన్నా తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు; రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. లినాగ్లిప్టిన్ లాంటి కొన్నింటికి మాత్రం మోతాదు మార్చనక్కరలేదు. ఎవరికి ఏది తగినదో నిర్ణయించవలసింది డాక్టరుగారే. మనంతట మనం మానిపించకూడదు, పక్కింటివారి మాత్ర ఇవ్వనూ కూడదు.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? ఏడాదికొకసారైనా క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించాలి. జబ్బు ముదిరినవారికి డాక్టరు చెప్పినన్ని సార్లు చేయించాలి. ఉపవాసానికి ముందే మందుల సంగతి అడగాలి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. కొబ్బరినీళ్లు, బత్తాయి రసం వద్దు. వాటిలోని పొటాషియం చెడిన మూత్రపిండాలకు భారం. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తేరుకున్నా సరే, డాక్టరుకు చూపించండి. మాత్ర ప్రభావం పోలేదు గనుక చక్కెర మళ్లీ పడిపోవచ్చు.

మామగారికి ఇప్పుడు మందు మారింది, మోతాదు తగ్గింది. ఆనాటి సంబరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మీ ఇంట్లో పెద్దవారి చక్కెర కారణం లేకుండా దిగితే పాయసం వండకండి, పరీక్ష చేయించండి.

సెలవు.