కాగితపు మిల్లులోని నల్లద్రవము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున రసాయనశాస్త్రమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. సభకు ముందు మన బీరువాలు చూచితిని. ఇరువదియైదేండ్ల నాటి పుస్తకములు కొన్ని ఇంకను తెల్లగానే యున్నవి. వాటి ప్రక్కన కట్టగట్టి పెట్టిన వార్తాపత్రికలు మాత్రము పసుపువన్నెకు తిరిగి, మడత విప్పగనే విరుగుచున్నవి. రెండును చెట్టునుండి వచ్చినవే. ఈ భేదమునకు ముఖ్యకారణమైన పదార్థము పేరు లిగ్నిన్. నేటి నా మాటలన్నియు దానిని గురించియే.

కట్టెలో సెల్యులోజ్ అను సన్నని నారలున్నవి. ఆ నారలను ఒకదానితో నొకటి అంటించి చెట్టును నిలబెట్టు జిగురు లిగ్నిన్. కట్టె బరువులో ఇది ఇంచుమించు నాలుగవ వంతు. వార్తాపత్రికల కాగితమునకు చాలవరకు కట్టెను యంత్రముతో నూరుదురు గనుక లిగ్నిన్ అందులోనే మిగిలిపోయి, గాలి వెలుతురులు సోకి పసుపెక్కును. మంచి కాగితము కావలెనన్నచో దానిని ఉడికించి తొలగింపవలెను.

మన నల్లమల వెదురు ఒకప్పుడు మేదరుల బుట్టలకే గాక కాగితపు మిల్లులకును తరలినది. 1924లో రాజమహేంద్రవరమున మొదలైన మిల్లునకును, కాగజ్‌నగరమునకు ఆ పేరు తెచ్చిన సిర్పూరు మిల్లునకును చిరకాలము వెదురే ముఖ్యాధారము. సుబాబుల్, నీలగిరి, సరుగుడు తరువాత వచ్చినవి.

ఉడికించు పద్ధతిని 1879లో డాంజిగ్ నగరమున కార్ల్ దాల్ కనిపెట్టెను. కట్టెముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీటిలో సుమారు 170 డిగ్రీల వేడిమిలో ఉడికింపగా లిగ్నిన్ కరిగి, నార విడివడును. మిగిలిన నీరు కాటుకవలె నల్లగా నుండును. ఒక టన్ను గుజ్జు తీసినచో ఈ నల్లద్రవములో ఇంచుమించు టన్నున్నర ఘనపదార్థము చేరును. అనగా కాగితమైనదానికంటె కానిదే ఎక్కువ!

దీనిని ఊరక పారబోయుదురనుకొనుట పొరపాటు. 1930ల నుండియు పెద్ద మిల్లులు దీనిని చిక్కబరచి ప్రత్యేకమైన బాయిలరులో కాల్చుచున్నవి. ఆవిరి లభించును, సోడా తిరిగి చేతికి వచ్చును. అట్టి బాయిలరు పెట్టుకొనలేని చిన్న మిల్లులు వాగులోనికి వదలినచోట్లనే నీరు నల్లబడి, అందలి ప్రాణవాయువు తరిగి, చేపలు చచ్చినవి. వెదురుతో ఇంకొక చిక్కున్నది. దానిలోని సిలికా నల్లద్రవములో చేరి, దానిని చిక్కబరచు గొట్టములకు గారవలె పట్టును.

కాల్చుట మంచిదే కాని, కాల్చినది బొగ్గు వెలయే చేయును. లిగ్నిన్ నిర్మాణములో కర్బనపు వలయములున్నవి. ప్లైవుడ్ జిగురునకు ముడిసరుకైన ఫినాల్‌లో నున్నదియు అట్టి వలయమే. దానిని నేడు పెట్రోలియమునుండి తీయుచున్నారు. ఆ వలయములను చెడకుండ విడదీయుటయే సమస్య.

ఆళ్ళగడ్డలో రాతిపని చూచినవారికి ఇది సులభముగా తెలియును. బండపై సమ్మెటతో మోదినచో ముక్కలు చెక్కలగును. శిల్పి ఉలిని తగినచోట ఆనించి కొట్టగా రాయి అతడు కోరిన వరుసనే విడును. ఉలి మాత్రము మరల మరల పనికివచ్చును. లిగ్నిన్‌కు ఊరక వేడిపెట్టుట సమ్మెట దెబ్బ. చాలవరకు తారు, బొగ్గు మిగులును. రాగి, నికెల్, పల్లాడియం, రుథేనియం వంటి లోహములు ఉలి పని చేయును. వలయముల నడుమ ప్రాణవాయువు కలిపిన బలహీనపు బంధములను అవి త్రెంచును. ఇట్టివానిని ఉత్ప్రేరకములందురు. ఉలికిని మొద్దుబారుట యున్నది: నల్లద్రవములోని గంధకము నికెల్, పల్లాడియములను కప్పి పనికిరాకుండ చేయును. పైగా ఉడుకునప్పుడే లిగ్నిన్ ముక్కలు మరల అతుకుకొని మునుపటికంటె గట్టిపడును.

ఈ పని జరిగినచోటు లేకపోలేదు. నార్వేలో బోరెగార్డ్ అను సంస్థ 1962 నుండి స్ప్రూస్ కట్టె లిగ్నిన్‌తో వెనిలిన్ చేయుచున్నది. ఐస్‌క్రీములలోని వెనిలా పరిమళమదియే. వారిది సల్ఫైట్ అను వేరొక ఉడికింపు పద్ధతి, ఉత్ప్రేరకము రాగి. పాత పుస్తకము తెరచినప్పుడు వచ్చు కమ్మని వాసనలోను ఇది కొంత కలదు. కాని లోకమంతటికి ఏటికి కావలసిన వెనిలిన్ 20,000 టన్నుల ప్రాంతము. మిల్లులలో కరుగు లిగ్నిన్ కోట్ల టన్నులు. వెదురు లిగ్నిన్ స్ప్రూస్ వంటిది గాదు, మూడు విధముల వలయముల కలగలుపు. విడదీయు ఖర్చే లాభమును మ్రింగవచ్చును.

అందువలన కొందరు శాస్త్రజ్ఞులు క్రమమునే తిరుగవేసిరి. లిగ్నిన్ చెడకమునుపే, కట్టె ఉడుకునప్పుడే ఉత్ప్రేరకమును ప్రక్కన నుంచుదురు. బెల్జియములోని లూవెన్ విశ్వవిద్యాలయమువారు 2020లో బర్చ్ కట్టెను ఈ విధముగా విడదీసి, దాని బరువులో 78 శాతమును ఫినాల్, ప్రొపిలీన్, గుజ్జు, సిరాకు పనికివచ్చు నూనె మొదలగువానిగా మార్చవచ్చునని చూపిరి. ప్రయోగశాలలో చూపుట వేరు, మిల్లు నడుపుట వేరనుకొనుడు.

నంద్యాల నల్లరేగడిలో పత్తి ఏరిన పిమ్మట కట్టెను చేలలోనే కాల్చుట మనమెరిగినదే. ఆ కట్టెలోను ఇంచుమించు నాలుగవ వంతు లిగ్నినే. దానిని మిల్లు కొనదా యని యువకులడుగుదురు. కొనవచ్చును. అయితే అది తేలికసరుకు, ఊరూరను చెదరియున్నది. పెరికి, నరికి, మోపుకట్టి బండికెత్తు కూలి రైతునకు గిట్టవలెను. ఉత్ప్రేరకమును గురించి అడుగుటకు ముందు ఆ లెక్క వేయుడని వారితో చెప్పుచున్నాను.