కట్ట తెగక ముందే

అనాయాసమైన మరణమును, దైన్యము లేని జీవనమును ఒక్క ప్రార్థనలోనే దేవుని అడుగుట మన యిండ్లలో అనాదిగా వచ్చుచున్న వాడుక. ఈ రెండింటిని పెద్దలు వేరుచేయకుండుటలో ఒక వివేకము కలదు. ఎట్లు పోవుదుమన్నది మన చేతిలో లేదు. ఎట్లు బ్రతుకుదుమన్నది కొంతవరకైనను మన చేతిలోనిదే. పోవునపుడు మనస్సునకు శాంతి యుండుటయు, లేకుండుటయు ఈ రెండవదానినిబట్టియే యుండును.

యాడికి వంటి మెట్టసీమలో బ్రతుకువారికి ఈ సత్యము నీటి రూపమున కన్పట్టును. నైరృతి వానలకు పడమటి కనుమలు అడ్డగుటచేతను, తూర్పు సముద్రము దూరమగుటచేతను, అనంతపురం జిల్లాలో సాలుకు సగటున సుమారు 55 సెంటీమీటర్ల వానయే కురియును. దానిని నిలుపుకొన్ననే బ్రతుకు. యాడికి మండలములోని రాయలచెరువు అను గ్రామము పేరే ఇందుకు సాక్షి.

చెరువు త్రవ్వించినవాడు దానిని అనుభవించునది కొలదికాలము. తరువాతి తరములవారు అనుభవించునది చిరకాలము. కనుకనే పూర్వులు చెరువును కన్నకొడుకుతోపాటు సప్తసంతానములలో చేర్చిరి. పొరుగున కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరము నాటిది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేయగా ఆ చెరువు పూర్తియైనదని అందు చెక్కియున్నది.

అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రపు ముసలమ్మ కథ మనమెరిగినదే. చెరువుకట్ట తెగి ఊరు మునుగనున్న వేళ, ఆమెను బలియిచ్చిన గండి నిలుచునని దైవవాణి పలికినదట. ఆ యిల్లాలు తొణకక నడచిపోయి ప్రాణమర్పించినదట. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో, విద్యార్థిదశయందే, దీనిని 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిరి.

ఆ త్యాగమునకు చేతులు మోడ్చుదము. పిమ్మట ఒక ప్రశ్న వేసికొందము. కట్ట ఒక్కరాత్రిలోనే బలహీనపడునా? ఎలుకబొరియలు పూడ్చవలసినవారు, తూము బాగుచేయవలసినవారు, పూడిక తీయవలసినవారు అంతవరకు ఏమి చేయుచుండిరి? కథ ఆ మాట చెప్పదు. కాని చెరువుల సంగతి ఎరిగినవారికి తెలియును: పదుగురు రేపు చూతమన్న చిన్నపని ఒకనాడు ఒక్కరి ప్రాణము నడుగును.

మన సంసారములును చెరువుల వంటివే. ఇంట చెప్పక దాచిన అప్పు, వ్రాయక వదలిన పత్రము, తీరని గట్టుతగవు, అన్నదమ్ముల నడుమ ఆగిపోయిన మాట - ఇవన్నియు కట్టలోని బొరియలు. మనము కన్నుమూసిన పిమ్మట బిడ్డలను ముంచునవి ఇవియే. అట్లే, లోతునకు లోతు బోర్లు వేసి భూగర్భజలమును మిగుల్చక తోడుట మనుమల వాటాను మనమే త్రాగుట.

శాంతిని అంత్యకాలమున వెదకినచో దొరకదు. అది నాటి పనిని నాడు ముగించినవానికి ప్రతిరాత్రియు నిద్రతోపాటు కొంచెము కొంచెముగా వచ్చును. తొలకరికి ముందే మన వంతు తట్టెడు మన్ను కట్టమీద వేయుదము. మరణము వచ్చిననాడు రానిండు. మనవలన మరొక ముసలమ్మ గండిలో నిలువవలసిన అగత్యము మాత్రము రాకుండుగాక.