పడవ, ట్రైలరు, విద్యుత్ వించి

వడ్లమూడి వారికి దుగ్గిరాల లాకులు దూరం కావు. ఒకనాడు కొమ్మమూరు కాలువ మీద సరుకు పడవలు పెదగంజాం వైపు సాగి బకింగుహాం కాలువను కలుసుకొనేవి. గట్టు వెంట మనుషులు తాడు భుజాన వేసుకొని వాటిని లాగేవారు. లాకు వద్ద మాత్రం భుజబలంతో పని లేదు. తలుపులు మూసి నీరు నింపితే, ఆ నీరే పడవను పై మట్టానికి ఎత్తేది.

నేటి పడవ చక్రాల మీద కూడా ప్రయాణిస్తున్నది. నదీతీరం కాని వడ్లమూడిలో సైతం దానిని ట్రైలరుపై నిలిపి ఉంచి, కావలసిన నాడు సూర్యలంకకో, పెనుమూడి రేవుకో తీసుకొనిపోవచ్చు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజు నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగినప్పుడు కొల్లూరు, రేపల్లె ప్రాంతాల లంకలు నీట మునిగాయి. అటువంటి వేళ పడవను దించడానికి పదిమంది కోసం వెదకుతూ కూర్చోలేము. విద్యుత్ వించి ఉంటే ఇద్దరు చాలు.

అయితే యంత్రం ఉన్నది కదా అని ఎండిన గట్టు మీదనుండే పడవను ఈడ్చరాదు. 600 కిలోల పడవను ఆరడుగులకు ఒక అడుగు లేచే వాలుపై ఎక్కించడానికి సుమారు 100 కిలోల లాగుడు కావాలి. దానికి రాపిడి అదనం. పడవ అడుగున తిరిగే రోలర్లు ఉంటే ఆ రాపిడి స్వల్పం. కంబళి చుట్టిన దుంగలైతే అది మరొక 100 కిలోలైనా కావచ్చు, ఇంకా ఎక్కువైనా కావచ్చు. ట్రైలరు వెనుక భాగాన్ని మరొక మూరెడు నీటిలోకి దించితే బరువులో చాలా భాగం నీరే మోస్తుంది. పెద్ద మోటారు కొనబోయే ముందు ఈ పని చేసి చూడవలె.

మరొక సంగతి. వించిపై వ్రాసిన శక్తి డ్రమ్ముపై మొదటి వరుస తాటికి వర్తించేది. చుట్లమీద చుట్లు పడినకొద్దీ లాగే బలం తగ్గుతుంది. పడవ పూర్తిగా నీరు విడిచి బరువెక్కే సమయానికే యంత్రం బలం తగ్గుతుందన్నమాట!

ఒక రేవులో ఒక యువకుడు బిగిసిన ఉక్కుతాటికి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడగా చూచాను. నా గుండె ఆగినంత పని అయింది. తెగిన ఉక్కుతాడు కొరడా వలె విసురుతుంది. తాటికి ఎదురుగా గాని, దాని మీదుగా గాని ఎవరూ ఉండరాదు. తాటిపై తడిగోనె ఒకటి వేయడం మంచిది. మీట పట్టినవాడు పక్కగా నిలబడవలె.

దించేటప్పుడు తొందర ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. వాలుమీద క్లచ్చి వదలితే పడవ తనంత తానే దూకుతుంది. మోటారుతోనే తాటిని నెమ్మదిగా వదలవలె. డ్రమ్ముపై కనీసం ఐదు చుట్లు మిగలవలె. ముక్కుకు కట్టిన వేరొక తాడు చేతబట్టి, పడవ తేలిన తరువాతనే కొక్కెం తీయవలె. లేకుంటే మనం గట్టున, పడవ ప్రవాహంలో!

రోడ్డెక్కిన తరువాత వించి తాటిని నమ్మరాదు. పడవకు వేరే గొలుసు, పట్టీలు బిగించవలె. సూర్యలంక నుండి తిరిగి వచ్చిననాడు తాటిని పూర్తిగా విప్పి, మంచినీటితో ఉప్పు కడిగి, ఆరిన పిమ్మట కొంచెం బిగువుగా వరుస తప్పకుండా చుట్టవలె.