మంటల కాలం కూలి విత్తనాల వేళకు అందాలి

(నల్లమల అంచు గ్రామాల రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టీ దగ్గర ఒక పెద్దాయన నన్ను పట్టుకుని అడిగారు. "మనది రైతు సంఘం. అడవిలో మేకలు కనబడితే కేసు రాసేది ఆ శాఖ. ఆ శాఖలో నాలుగు నెలలు కూలికి పోయేవాళ్ళ గోడు మనకెందుకయ్యా?" అని. ఆయన కోపంలో న్యాయముంది. ఆయన ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి జవాబు ఆయనకే చెబుతాను, మీరంతా వినండి.

ముందు ఆ కూలివాడు ఎవరో చూద్దాం. ఆత్మకూరు, దోర్నాల, యర్రగొండపాలెం, అటు కృష్ణ దాటితే మన్ననూరు, అమ్రాబాద్... ఎటు పోయినా అతను మనవాడే. రెండెకరాలో మూడెకరాలో మెట్ట ఉంటుంది, లేదంటే కౌలు ఉంటుంది. కంది, పత్తి, ఆముదం వేస్తాడు. సంక్రాంతి దాటాక చేను ఖాళీ అవుతుంది. తొలకరి దాకా చేతిలో పనుండదు. సరిగ్గా ఆ ఖాళీలోనే అడవికి మనిషి అవసరం పడుతుంది. ఈ పనిలో అందరికంటే ముందున్నది చెంచులు. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పగలిగేది వాళ్ళే. వాళ్ళలోనూ అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన భూమిని దున్నుకుంటున్నవాళ్ళున్నారు. అంటే అడవి కూలీ వేరు, రైతు వేరు అని మనం కాగితం మీద గీసుకున్న గీత మన ఊళ్ళలో లేదు.

ఇక పని సంగతి. మనలో చాలామందికి వాచర్ అంటే కర్ర పట్టుకుని తిరిగేవాడనే తెలుసు. అసలు పని జనవరిలో ఫైర్ లైన్లతో మొదలవుతుంది. దారుల వెంట, కంపార్ట్‌మెంట్ల సరిహద్దుల వెంట గడ్డి కోసి, ఆకు ఊడ్చి, నేలను బట్టబయలు చెయ్యాలి. పోగైన చెత్తను మంచు తడి ఆరీఆరకముందే, గాలి లేవకముందే కాల్చెయ్యాలి. ఎండ ముదిరాక నల్లమలలో ఆకు రాలి మోకాలి లోతు పడుతుంది, బోద గడ్డి నిలువునా ఎండిపోతుంది. అప్పుడు మంట అంటుకుంటే దాన్ని ఆపేది ఆ బట్టబయలు నేలే. ఈ పనిలో ఆడవాళ్ళే ఎక్కువ కనబడతారు. ఫోటోల్లో మాత్రం కనబడరు.

ఆ తర్వాత కాపలా. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు కర్ణాటక నుంచి కూడా వేలల్లో వస్తారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారి అంతా అడవిలోంచే. మల్లన్న దగ్గరకు పోయేవాళ్ళను ఎవరూ కాదనలేరు. వాళ్ళు అన్నం వండుకుని వదిలేసిన పొయ్యి ఆర్పుకుంటూ వెనకాల నడిచేవాడు మాత్రం ఒకడుండాలి. చుట్ట ముక్క, బీడీ ముక్క కూడా చాలు, కొండ అంటుకోవడానికి.

మంట ఎక్కడ లేచిందో ఇప్పుడు ఉపగ్రహం చెబుతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఆ సమాచారం పంపుతోంది, ఇప్పుడు అది ఫోన్లకే వస్తోంది. మంచిదే. కానీ ఉపగ్రహం మంట ఆర్పదు. ఎనిమిది కిలోమీటర్లు కొండెక్కి పోయి, పచ్చి కొమ్మ విరిచి కొట్టి, లేదా గాలి ఎదురుగా ఉన్నప్పుడు ఎదురు మంట పెట్టి ఆపేది మనిషే. కొన్ని చోట్ల బ్లోయర్లు ఇచ్చారు. అది మోసుకుపోవడం, దాంట్లో పెట్రోలు ఉందో లేదో చూసుకోవడం కూడా వాచర్ పనే.

నీళ్ళ పని ఇంకొకటి. సిమెంటుతో పళ్ళెంలా కట్టిన సాసర్ పిట్లకు ట్యాంకరుతో నీళ్ళు తోలి నింపుతారు. పిల్ల జంతువు దిగినా మళ్ళీ ఎక్కి రావాలని వాటిని లోతు లేకుండా కడతారు. వానలొచ్చాక లాంటానా కంప తీసే పని ఉంటుంది. దాన్ని పైపైన నరికితే రెండింతలు చిగురిస్తుంది. వేరు మొదలు కిందికి నరికి, తలకిందులుగా పెట్టాలి. లాంటానా, వయ్యారిభామ కమ్మిన చోట గడ్డి లేవదు. గడ్డి లేని చోట దుప్పి నిలవదు. అక్కడ నిలవని దుప్పి ఎక్కడికి వస్తుందో నేను చెప్పనక్కర్లేదు, మీ కంది చేలే చెబుతాయి. (అడవి పంది మాత్రం అడవిలో మేత ఉన్నా వస్తుంది. దాని సంగతి ఇంకో తరగతిలో మాట్లాడుకుందాం.)

నాలుగేళ్ళకోసారి పులుల లెక్క కూడా వీళ్ళ కాళ్ళ మీదే నడుస్తుంది. 2018 లెక్కింపులో దేశం మొత్తం మీద 26,838 చోట్ల కెమెరాలు పెట్టారని గిన్నిస్ రికార్డు ఇచ్చారు. గొప్పే. ఆ కెమెరాలను చెట్లకు కట్టిన చేతుల్లో ఎన్ని చేతులకు ఆ నెల కూలి ఆ నెలే అందిందో ఏ రికార్డూ చెప్పదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కూలి ఎందుకు ఆలస్యమవుతుంది? "పై నుంచి రాలేదు" అన్న జవాబు మనందరం విన్నాం. ఆ పై అంటే ఏమిటో ఒకసారి చూడాలి. మన శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు తెచ్చారు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అటువైపు ముక్క అమ్రాబాద్ రిజర్వయింది. ఇలాంటి ప్రతి రిజర్వూ ఏటా ఒక పనుల ప్రణాళిక రాసి ఢిల్లీలోని పులుల సంరక్షణ సంస్థకు పంపాలి. అక్కడ ఒప్పుకోవాలి. కేంద్రం తన వాటా వదలాలి. ఏటేటా చేసే పనుల ఖర్చును కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలి. ఆ డబ్బు రాష్ట్ర ఖజానా గుండా వచ్చి, రాష్ట్రం తన వాటా కలిపి, డివిజనుకు, అక్కడి నుంచి రేంజికి దిగాలి.

ఇందులో మెలిక ఎక్కడుందంటే, ప్రభుత్వానికి సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అడవి మంటలకు ముగియదు. మంటల కాలం ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య దాకా ఉంటుంది. అంటే ఒకే మనిషి ఒకే బీటులో చేసే ఒకే పని రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య చీలిపోతుంది. ఫిబ్రవరి, మార్చి బిల్లులు సంవత్సరాంతపు రద్దీలో ఇరుక్కుంటాయి. ఏప్రిల్, మే, జూన్ బిల్లులు కొత్త ప్రణాళిక ఆమోదం కోసం, మొదటి వాయిదా కోసం కాచుకుని కూర్చుంటాయి. ఎండలు ఏటా ఒకే నెలల్లో వస్తాయని ఢిల్లీకి తెలియదా? తెలుసు. కానీ కూలీ ఆగగలడనీ, ఎవరినీ అడగడనీ కూడా తెలుసు.

మా ఊళ్ళో ఒక తమ్ముడున్నాడు, పేరు చెప్పను. మూడెకరాల మెట్ట. ఒక ఏడాది మంటల కాలమంతా కాపలా తిరిగాడు. మృగశిర కార్తె వచ్చింది, వాన పడింది, పక్క చేలల్లో గొర్రు కడుతున్నారు. అతని కూలి రాలేదు. పత్తి విత్తనాలు, డీఏపీ బస్తాలు దుకాణంలో అప్పుకు తెచ్చాడు. షరతు మీకు తెలిసిందే: పత్తి ఆ దుకాణానికే తోలాలి, ధర వాళ్ళు చెప్పిందే. కూలి వినాయక చవితి దాటాక ఖాతాలో పడింది. అప్పటికి ఏం లాభం? పంట అమ్ముకునే స్వేచ్ఛ జూన్‌లోనే పోయింది.

లెక్క కోసం కూలి రోజుకు 400 అనుకుందాం. 120 రోజులకు 48,000. అందులో విత్తనానికి, ఎరువుకు 20,000 అప్పు చేశాడనుకోండి. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ చొప్పున నాలుగు నెలలకు 2,400. అంటే ఆరు రోజులు కొండెక్కి దిగిన కష్టం వడ్డీకి పోయింది. దుకాణం ధరలో కోసుకున్నది ఇందులో కలపలేదు. పెద్దాయనా, మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఈ కూలి అడవి కూలి కాదు, మన ఖరీఫ్ పెట్టుబడి.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు. మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలి, ఇవ్వకపోతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం కట్టాలి అని. ఆ పరిహారం ఎంతమందికి సవ్యంగా అందిందన్నది వేరే కథ. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో ఇంకొకటి తెచ్చారు, అది మరో పెద్ద చర్చ. కానీ ఆలస్యానికి వెల కట్టాలనే సూత్రమైనా అక్కడ కాగితం మీదికి ఎక్కింది. అడవిలో మంట ఆర్పినవాడికి ఆలస్యం పరిహారం అడగడానికి అలాంటి ఒక్క వాక్యం చూపించగలమా?

ఇంకొక విషయం చెప్పక తప్పదు, ఇది మనలో మనకు సంబంధించింది. వాచర్‌ను ఊళ్ళో ఎలా చూస్తున్నాం? మేకల కాపరి కొత్త చిగురు కోసం గడ్డి అంటిస్తాడు. వాచర్ చూస్తాడు. ఆ కాపరి అతని బావమరిదే కావచ్చు. చెబితే ఇంట్లో అన్నం దొరకదు, చెప్పకపోతే పని దొరకదు. పనిలోకి తీసుకున్నట్టు కాగితం ఉండదు, రేపు రావద్దంటే అడిగే దిక్కుండదు కాబట్టి అతను శాఖ మాట కాదనలేడు. మనం అతన్ని "శాఖ మనిషి" అని రచ్చబండ దగ్గర పక్కన పెడతాం. రాత్రి అతను పులిని కాస్తుంటే పందులు అతని మొక్కజొన్నను దొర్లించిపోతాయి, పొద్దున మనం నవ్వుతాం. ఈ నవ్వు మనం మానుకోవాలి. మేత హక్కు కోసం పోరాడే సంఘమే వాచర్ కూలి కోసం కూడా నిలబడితే, అప్పుడు కాపరీ వాచరూ ఒక చోట కూర్చుని మాట్లాడుకోగలరు. గడ్డి ఎక్కడ మేపాలి, మంట ఎందుకు పెట్టకూడదు అన్నది కేసుల కంటే అలా త్వరగా తేలుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన సామూహిక అడవిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. అది వాడుకునే దారి కూడా ఇదే.

చట్టం వైపు రెండు మాటలు. 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు, పూణె ప్రాంతపు అటవీ కూలీల కేసులో, మొక్కల పెంపకం లాంటి పని ప్రభుత్వపు సార్వభౌమ విధి కాదని, పరిశ్రమ కిందికే వస్తుందని, ఏళ్ళ తరబడి క్యాజువల్‌గా ఉంచడం అన్యాయమని చెప్పింది. సంతోషించేలోపే 2001లో గుజరాత్ కేసులో, ప్రతి అటవీ పనీ దానంతటదే పరిశ్రమ కాదు, పని స్వభావాన్ని కూలీయే ఆధారాలతో చూపాలి అంది. 2006లో ఉమాదేవి తీర్పు తర్వాత పర్మినెంటు దారి మరీ ఇరుకైంది. కాబట్టి వాచర్లందరినీ పర్మినెంటు చేయిస్తామని ఎవరైనా డబ్బు వసూలుకొస్తే నమ్మకండి. మన సంఘం పేరుతో వచ్చినా నమ్మకండి.

గట్టిగా పట్టుకోదగ్గది ఇంకొకటుంది. 1923 నాటి పరిహార చట్టం రెండో షెడ్యూలులో అడవి మంటలను అదుపు చేసే, ఆర్పే పనిని పేరు పెట్టి మరీ చేర్చారు. ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, పని ప్రమాదానికి పరిహారం అన్న అధ్యాయం అందులోనూ ఉంది. మంటల్లో కాలినా, ఎలుగుబంటి కొట్టినా అడగడానికి దారి ఉంది. కానీ ఆ రోజు అతను పనిలో ఉన్నట్టు రుజువేదీ? అన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. మస్టరు అతని దగ్గర ఉండదు. కొన్నిచోట్ల మస్టరులో పేరొకరిది, కొండెక్కేది ఇంకొకరు.

అందుకే ఈ సీజనుకు మనం అడిగేవి ఎక్కువ పెట్టుకోవద్దు. మార్చి దాకా చేసిన పనికి మార్చిలోనే కూలి. మిగతాది మృగశిర కంటే ముందు. కేంద్రం వాటా రాకపోతే రాష్ట్రం ముందుగా ఇచ్చి తర్వాత రాబట్టుకోవాలి, అప్పు చేసే శక్తి కూలీ కంటే ప్రభుత్వానికే ఎక్కువ. పనిలోకి తీసుకున్నట్టు ఒక కాగితం, మస్టరు నకలు. బూట్లు, టార్చి, మంచినీళ్ళు. వీటి కోసం డివిజను కార్యాలయానికి పోదాం. పోయేటప్పుడు వాచర్లను మాత్రమే ముందు పెట్టొద్దు, మర్నాడు పని పోయేది వాళ్ళకే. ముందు నిలబడాల్సింది మనం.

బల్ల మీద నోటు పుస్తకాలున్నాయి. ఊరికి పది చొప్పున తీసుకెళ్ళండి. ప్రతి పేజీలో గళ్ళు గీయించాం: తేదీ, బీటు, చేసిన పని, పంపినవారి పేరు, పక్కన ఉన్న ఇద్దరి సంతకాలు. చదువు రాని వాచర్లకు రోజూ సాయంత్రం రాసిపెట్టే బాధ్యత గ్రామ కమిటీ కార్యదర్శిది. ఫైర్ లైన్ల పని మొదలయ్యే రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి, మంటలు లేచేదాకా ఆగొద్దు.