విదేశభాషా కళాశాల: పొలము కుదువపెట్టుటకు ముందు



మొన్న వేసవిలో మా మేనమామగారి యూరికి పోయితిని. అరుగుమీద కూర్చుండి యుండగా పొరుగింటి రైతుగారు రంగుల పుస్తకమొకటి తెచ్చి నా చేతికిచ్చిరి. మనుమని విదేశమునకు పంపుటకై రెండెకరములు బ్యాంకులో కుదువపెట్టవలసి యున్నదట. "బాబూ, ఇందులో మేడలున్నవి, మంచుకొండలున్నవి. మావాడు అచ్చట ఏ భాషలో చదువునో మాత్రము కానరాదు. నీవు చూచి చెప్పు" అనిరి. మొదటినుండి తుదివరకు చూచితిని. నాకును కానరాలేదు. నేడు నేను చెప్పబోవునది ఆయన ప్రశ్నకు సమాధానమే.

పరభాషను కొందరు విద్యగానే అభ్యసింతురు. అనువాదకులుగనో, అధ్యాపకులుగనో జీవింపదలచిన అట్టివారు దూరదేశమునకు పరుగిడ నక్కరలేదు. హైదరాబాదులోనే ఇంగ్లీషు మరియు విదేశభాషల విశ్వవిద్యాలయము కలదు. అది 1958లో ఇంగ్లీషు బోధనకై కేంద్రసంస్థగా వెలసి, 1972లో పరభాషలను చేర్చుకొని, 2007లో కేంద్రవిశ్వవిద్యాలయమైనది. అచ్చట అరబ్బీ, ఫ్రెంచి, జర్మను, జపాను, రష్యను, స్పానిషు భాషలలో పట్టము పొందవచ్చును.

తక్కినవారికి భాష మెట్టు మాత్రమే. ఎక్కువ మంది పొరబడునది ఇచ్చటనే. జర్మనీ సంగతి చూడుడు. ఆ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధనరుసుము లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గు రాష్ట్రము మాత్రము 2017 నుండి పరదేశీయులవద్ద అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు తీసికొనుచున్నది. రుసుము లేదన్న మాట విని మన పల్లెలలో సంతోషింతురు. కాని విద్యార్థి తన తిండికి, బసకు సరిపడు ధనమును ముందుగానే ఖాతాలో చూపవలెను. 2024 సెప్టెంబరులో ఆ మొత్తమును ఏడాదికి 11,904 యూరోలుగా నిర్ణయించిరి. ఇది మొదటి లెక్క.

రెండవది భాష లెక్క. ఐరోపావారు భాషాజ్ఞానమును ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లుగా విభజించిరి. జర్మనుభాషలో జరుగు పాఠములకు చేరవలెనన్న సాధారణముగా సి1 దాక ఎక్కవలెను. దానికి క్రిందిదైన బి2 చేరుటకే ఆరేడువందల గంటల పాఠము కావలెను. "మూడు నెలలలో మాట్లాడింతుము" అను గోడప్రకటనను ఈ లెక్కతో పోల్చి చూడుడు. ఇంగ్లీషున బోధించు పై తరగతులును అచ్చట లేకపోలేదు. కాని అద్దెయింటి యజమానితోను, అంగడివానితోను, పని యిచ్చువానితోను మాటలాడుటకు జర్మనే కావలెను.

వైద్యవిద్య విషయమున ఈ చిక్కు మరింత గట్టిది. కిర్గిజిస్తాను, జార్జియా, రష్యా దేశములకు మన పిల్లలు వైద్యమునకై పోవుచున్నారు. 2021లో మన జాతీయ వైద్య కమిషను చేసిన నియమములనుబట్టి చదువు 54 నెలలకు తగ్గరాదు. బోధన ఇంగ్లీషున ఉండవలెను. ఆ సంస్థలోనే మరి 12 నెలలు శిక్షణ పొందవలెను. కన్సల్టెన్సీవారు "అంతయు ఇంగ్లీషే" యని ధైర్యము చెప్పుదురు. పాఠము ఇంగ్లీషే కావచ్చును. రోగి మాత్రము తన కడుపునొప్పిని తన భాషలోనే చెప్పుకొనును గదా! అది బోధపడని పిల్లవాడు మంచముప్రక్క నిలిచి ఏమి నేర్చుకొనును?

ఇక మోసముల మాట. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయమును అమెరికా అధికారులు మూయించినప్పుడు అందు చేరినవారిలో తెలుగుపిల్లలు మిక్కుటముగ నుండిరి. కొందరి కాలికి జాడ తెలుపు యంత్రములు తగిలించిరి. 2019లో బయటపడిన ఫార్మింగ్‌టను విశ్వవిద్యాలయము మరియు వింత. చదువు పేరిట అక్రమముగా నిలిచియుండువారిని పట్టుటకు ప్రభుత్వమువారే దానిని కల్పించిరి. అందు గురువు లేడు, తరగతి లేదు. చదువులేని చదువుకు సొమ్ము చెల్లించి మనవారనేకులు చిక్కిరి. అందరును తెలియకయే చిక్కిరని నేననను. కాని ఇంటివద్ద పత్రములపై సంతకము చేసిన తండ్రులకు మాత్రము ఏమియు తెలియదు.

కాబట్టి మీయొద్దకు రంగుల పుస్తకము వచ్చినప్పుడు మేడల నెంచకుడు. ఆ కళాశాల పేరు ఆ దేశపు ప్రభుత్వము గుర్తించిన పట్టికలో నున్నదా యని వ్రాతమూలకముగా అడుగుడు. ఇచ్చటి భాషాపాఠశాలయైనచో, తమ పిల్లలను తామే పరీక్షించి పట్టము లిచ్చుకొనుచున్నదా, లేక బయటివారి పరీక్షకు పంపుచున్నదా యని తెలిసికొనుడు. బయటి పరీక్షలలోను తారతమ్యము కలదు. జపానుభాషకు పేరుపొందిన జె.ఎల్.పి.టి. పరీక్షలో మాటలాడించి చూచుట లేనేలేదు. అందు నెగ్గిన పిల్లవాడు నోరు మెదపలేకపోవచ్చును. అందుచేత తరగతిలో ఎందరుందురు, ఒక్కొక్కని కెంతసేపు మాటలాడ నవకాశము దొరకును అనునది మీరే పోయి ఒకపూట కూర్చుండి చూడుడు. భాష మీకు రానక్కరలేదు. ఎవరు మాటలాడుచున్నారో చూచిన చాలును. పంతులొక్కడే మాటలాడుచుండెనా, లేచి రండు.

ఆ రైతుగారు అట్లే చేసిరి. మనుమని హైదరాబాదున జర్మనుపాఠములకు చేర్చిరి. పోయిన వారము ఉత్తరము వచ్చినది: పిల్లవాడు ఏ2 పరీక్ష తప్పినాడట, మరల రుసుము కట్టినాడట. పొలము కాగితములు ఇంకను పెట్టెలోనే యున్నవట.